హాబర్లాంట్ వారి ఇంటి కథ



ఇంటిపేర్లతో నాకున్న పరిచయం ఉద్యోగంలో ఏర్పడినది. ఖజానా కార్యాలయంలో పింఛను చెల్లింపు ఫైళ్ళు చూసే సీటులో కూర్చున్నవారికి తెలుసు, ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరాలు గల ఇద్దరు పింఛనుదారులుంటే ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేయాలో. జొన్నలగడ్డ వారివి నాలుగు ఫైళ్ళు వచ్చినంత మాత్రాన ఆ నలుగురూ చుట్టాలు కానక్కరలేదు. ఊరి పేరే ఇంటిపేరైనప్పుడు ఆ ఊరు విడిచి వచ్చిన ప్రతి కుటుంబానికీ అదే పేరు అంటుకుంటుంది. కాని ఎప్పుడూ వినని ఇంటిపేరు ఒకటి రెండోసారి కంటబడితే గుమాస్తా మనసు ఊరుకోదు. ఈయన ఆయనకు ఏమవుతాడు అని వెనక్కు తిరగేయబుద్ధి పుడుతుంది. ఉద్యోగ విరమణ అయినా ఆ బుద్ధి విరమించలేదు.

మా మనుమరాలు ఎం.ఎస్సీ.లో బయోటెక్నాలజీ చదివింది. గాజు సీసాలలో మొక్కలు పెంచే విద్యకు ఆద్యుడు గొట్లీబ్ హాబర్లాంట్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడని ఆమె పాఠ్యపుస్తకంలో చూశాను. తరువాత కొన్నాళ్ళకు సోయా చిక్కుడు ఐరోపాకు ఎలా వెళ్ళిందో చదువుతుంటే ఫ్రీడ్రిష్ హాబర్లాంట్ కనిపించారు. దండి రచించిన దశకుమార చరితాన్ని జర్మన్ భాషలోకి మార్చినవారి పేరు చూద్దును గదా, మిఖాయెల్ హాబర్లాంట్. గర్భనిరోధక మాత్ర పుట్టుపూర్వోత్తరాలలో లూడ్విగ్ హాబర్లాంట్. పంట ఒకరిది, వృక్షశాస్త్రం ఒకరిది, సంస్కృతం ఒకరిది, వైద్యం ఒకరిది. ఇంత వింత పేరు నాలుగు చోట్ల కనబడితే నాబోటివాడు ఊరుకుంటాడా? వెదికి చూడగా వీరందరూ ఒక్క ఇంటివారే. ఫ్రీడ్రిష్ తండ్రి. గొట్లీబ్, మిఖాయెల్ ఆయన కుమారులు. లూడ్విగ్ గొట్లీబ్ కొడుకు, అంటే ఫ్రీడ్రిష్ గారికి మనుమడు.

పేరును విడదీస్తే హాబర్ అంటే దక్షిణ జర్మన్ మాండలికంలో ఓట్స్, లాంట్ అంటే నేల. మన జొన్నలగడ్డ వంటి పేరే అన్నమాట. పంట పేరు మోసే ఇంటిలో మొదటివాడు పంటల ఆచార్యుడు కావడం నాకు ముచ్చటగా తోచింది.

ఫ్రీడ్రిష్ 1826లో ప్రెస్‌బుర్గ్‌లో పుట్టారు. ఆ పట్టణమే నేడు స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా. అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యం నేటి అనేక దేశాల మేర పరచుకుని ఉండేది గనుక ఈ కుటుంబం వారి జన్మస్థలాలు చూస్తే ఒక్కొక్కటి ఒక్కొక్క దేశంలో ఉన్నట్లు కనబడుతుంది. రాష్ట్రాల విభజనలు చూసిన మనకు ఈ చిక్కు కొత్త కాదు. ఆయన నేటి హంగరీలో ఉన్న ఆల్టెన్‌బుర్గ్ వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పారు. కుమారులిద్దరూ అక్కడే పుట్టారు, గొట్లీబ్ 1854లో, మిఖాయెల్ 1857లో. 1869లో, నేడు ఇటలీలో చేరిన గొరీజియా పట్టణంలో పట్టుపురుగుల పరిశోధన కేంద్రాన్ని నడపడానికి వెళ్ళారు. 1872లో వియన్నాలో వ్యవసాయ ఉన్నత విద్యాలయం కొత్తగా తెరిచినప్పుడు అందులో ఆచార్యులయ్యారు.

మరుసటి ఏడే వియన్నాలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. చైనా, జపాను వంటి దేశాలవారు తమ సరుకులతో పాటు ధాన్యాలు, విత్తనాలు కూడ తెచ్చి పెట్టారు. చూడవచ్చినవారు జపాను వారి బొమ్మలు చూశారో, పట్టుబట్టలు చూశారో గాని ఫ్రీడ్రిష్ గారు మాత్రం సోయా గింజల ముందు ఆగిపోయారు. దాదాపు ఇరవై రకాలు సంపాదించి 1875లో వియన్నాలో విత్తారు. ఆ చలిదేశంలో అన్నీ పండలేదు. పండిన కొన్ని రకాల గింజలను దాచి, 1876, 1877లలో సామ్రాజ్యం నలుమూలలా ఉన్న రైతులకు, భూస్వాములకు, వ్యవసాయ పాఠశాలలకు పంపారు. ఊరికే పంపి ఊరుకోలేదు. విత్తిన తేదీ, కోసిన తేదీ, దిగుబడి వివరాలు రాసి పంపమన్నారు. 1877లో దాదాపు నూట యాభై చోట్ల నుండి నివేదికలు వచ్చాయి. ఆ కాలంలో, తపాలా బండ్ల మీద, అంతమంది చేత లెక్కలు రాయించి తెప్పించుకోవడం ఎంత పనో ప్రొఫార్మాలు పంపి గడువులు దాటిన తరువాత గుర్తుచేత లేఖలు రాసిన మన కార్యాలయాలవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఫలితాలన్నీ కూర్చి సోయా చిక్కుడు మీద 1878లో పుస్తకం వెలువరించారు. పేదవాని భోజనంలో మాంసకృత్తుల కొరత దీనితో తీరుతుందని ఆయన నమ్మకం. ఆ సంవత్సరమే కన్నుమూశారు. వయస్సు యాభై రెండు. గింజలు పంచే మనిషి పోగానే ఆ ఉత్సాహం కూడ చల్లారిపోయింది. పండిన గింజను ఏమి చేసుకోవాలో, ఎవరికి అమ్మాలో రైతుకు తెలియకపోతే ఏ పంటైనా అంతే. నేడు ఆస్ట్రియా ఐరోపాలో సోయా బాగా పండించే దేశాలలో ఒకటి.

మన సోయా వియన్నా నుండి వచ్చింది కాదు. హిమాలయ ప్రాంతాలలో, ఈశాన్యంలో అది పాత పంటే. 1960ల చివర పంత్‌నగర్, జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం సహకారంతో దానిని పెద్ద పంటగా మలిచాయి. ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతాల నల్లరేగళ్ళలో నేడు విస్తారంగా వేస్తున్నారు. మన ఇళ్ళలో కుర్మాలో వేసే మీల్ మేకరు కూడ నూనె తీసిన ఆ సోయా పిండే. 

చిన్న కుమారుడు మిఖాయెల్ గారి మార్గం పూర్తిగా వేరు. ఆయన వియన్నాలో సంస్కృతం చదివి, రాజ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో జాతుల జీవనవిధానాలకు సంబంధించిన విభాగంలో ఉద్యోగంలో చేరారు. ప్రాచీన భారతీయుల మనస్తత్వం గురించి 1887లో ఒక వ్యాస సంపుటి వేశారు. 1903లో దశకుమార చరితాన్ని పదిమంది రాకుమారుల సాహసాలు అనే అర్థం వచ్చే పేరుతో జర్మన్ భాషలో ప్రచురించారు. ఇక్కడ తెలుగువారికి కొంచెం గర్వించదగిన లెక్క ఉన్నది. అదే గ్రంథాన్ని మన కేతన పదమూడవ శతాబ్దంలోనే తెలుగు పద్యాలలోకి తెచ్చి తిక్కన సోమయాజికి అంకితమిచ్చి అభినవ దండి అనిపించుకున్నాడు. అంటే వియన్నా వారికన్నా మనవాడు ఆరు వందల ఏళ్ళు ముందు.

దండి గ్రంథం చదివినవారికి మంత్రగుప్తుని కథ గుర్తుండే ఉంటుంది. ప్రియురాలి దంతక్షతాలతో పెదవి నొస్తున్నందున అతడు పెదవులు కలిసే అక్షరాలు, అనగా ప, ఫ, బ, భ, మ రాకుండా కథంతా చెబుతాడు. ఆ కథ కళింగ రాజుకు, ఆంధ్ర రాజుకు మధ్య జరిగినదే. ఇటువంటి చమత్కారమున్న గ్రంథాన్ని అనువాదానికి ఎంచుకున్నాడంటే ఆ దొర సంస్కృతాన్ని పరీక్ష కోసం కాక, ఇష్టంతో చదివాడనే నా అభిప్రాయం.

పరదేశపు పురాతన సంస్కృతి చదివినవాడికి తన ఊరి పల్లెజనం మీద కూడ దృష్టి పడింది. 1894లో విల్‌హెల్మ్ హైన్ అనే సహోద్యోగితో కలిసి ఆస్ట్రియా జానపద సంఘాన్ని స్థాపించారు. 1895లో ప్రదర్శనశాల నెలకొల్పారు. రైతు ఇంటి కుర్చీలు, ఉయ్యాలలు, పనిముట్లు, పండుగ ముసుగులు సేకరించి పెట్టారు. సామ్రాజ్యంలోని జర్మనులవే కాక, స్లావులవి, రొమేనియన్లవి కూడ పక్కపక్కన ఉంచారు. మొదట వియన్నా స్టాక్ ఎక్స్‌ఛేంజి భవనంలో ఉన్న ఆ ప్రదర్శనశాల 1917లో షోన్‌బోర్న్ ప్రభువుల తోట భవనంలోకి మారింది. 1924 వరకు మిఖాయెల్, ఆయన తరువాత 1945 వరకు ఆయన కుమారుడు ఆర్థర్ హాబర్లాంట్ దాని అధిపతులు. తండ్రి కుర్చీలో కొడుకు కూర్చోవడం మన దగ్గరే అనుకుంటాం గాని అక్కడా ఉన్నది.

మిఖాయెల్ గారి గురించి ఇంకొక సంగతి రాయకుండా ఉండలేను. హ్యూగో వుల్ఫ్ అనే సంగీతకర్త ఆ కాలంలో వియన్నాలో ఉండేవాడు. పాటలు గొప్పవి, సంపాదన శూన్యం. 1897లో మతి చలించి ఆసుపత్రి పాలయ్యాడు. ఆ ఏడే ఆయన పేరిట సంఘం పెట్టి, పాటలు పాడించి, ఆదుకున్నవారిలో ముందున్నది మిఖాయెల్ హాబర్లాంట్. 1903లో వుల్ఫ్ చనిపోయిన తరువాత ఆయన జ్ఞాపకాలతో పుస్తకం కూడ రాశారు. సంస్కృత పండితునికీ సంగీతకర్తకూ బాదరాయణ సంబంధం కూడ లేదు. అయినా చేశారు.

వియన్నా, జాతుల చరిత్ర అనగానే తెలంగాణ మిత్రులకు తోచే పేరు హైమెండార్ఫ్ గారిది. ఆయనా ఆ నగరంలో పుట్టి అక్కడే ఆ శాస్త్రం చదివి, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాదు సంస్థానంలో చెంచుల మధ్య, గోండుల మధ్య పనిచేశారు. భార్య బెట్టీ గారి సమాధి ఆదిలాబాదు అడవులలోని మార్లవాయిలో ఉన్నది. 

ఇక పెద్ద కుమారుడు గొట్లీబ్. ఈ ఇంటిలో అందరికన్నా పేరు గడించినవాడు, అందరికన్నా దీర్ఘాయువు కూడ. మొక్కలోని ప్రతి కణజాలం ఏ ఆకారంలో ఉన్నదన్నది కాదు, ఏ పనికోసం అలా ఉన్నదన్నది చూడాలని 1884లో పెద్ద గ్రంథం రాశారు. ఇది నాకు బాగా నచ్చిన దృష్టి. కార్యాలయంలో ఏ రిజిస్టరు ఎందుకు పెట్టారో తెలిసినవాడికే దాని గళ్ళు అర్థమవుతాయి. జొన్న, మొక్కజొన్న, చెరకు వంటి మొక్కల ఆకులను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఈనెల చుట్టూ పెద్ద కణాలు దండ గుచ్చినట్లు ఉంటాయి. ఆ అమరికకు క్రాంజ్, అంటే పూలదండ, అని పేరు పెట్టినది ఆయనే. ఆ దండ ఎందుకున్నదో తేలడానికి 1960లు రావలసి వచ్చింది. ఎండ తీవ్రంగా, నీరు తక్కువగా ఉన్నచోట కూడ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పొదుపుగా పట్టి వాడుకునే ఏర్పాటు అది. మెట్టపొలంలో జొన్న నిలిచిందంటే ఆ దండ పుణ్యం కూడ కొంత ఉన్నది.

అత్తిపత్తి ఆకు తాకగానే ముడుచుకోవడం మీద 1890లో ఆయన ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. తాకిడి వార్త గొట్టాల వంటి కణాలలోని నీటి ఒత్తిడి ద్వారా పాకుతుందని ఆయన వాదం. దానిని ఎదిరించినవారు మన జగదీశచంద్ర బోసు గారు. జంతువుల నరాలలో వలెనే మొక్కలోనూ విద్యుత్ ప్రేరణ నడుస్తుందని తన యంత్రాలతో కొలిచి చూపారు. ఈ తగవులో ఎక్కువ భాగం మనవారే గెలిచారని చెప్పవచ్చు.

1902లో గ్రాట్స్ నగరంలో ఆచార్యులుగా ఉండగా ఆయన చేసిన పని విచిత్రమైనది. ఆకుల నుండి విడివిడి కణాలను తీసి, ఉప్పులు, చక్కెర కలిపిన ద్రవంలో ఉంచారు. మొక్క నుండి వేరుపడిన ఒక్క కణం బతుకుతుందా, బతికితే చీలి రెండవుతుందా, ఎప్పటికైనా మొత్తం మొక్క అవుతుందా అన్నది ప్రశ్న. కణాలు కొన్ని వారాలు బతికాయి. ఉబ్బి పెద్దవయ్యాయి. పిండిపదార్థం తయారు చేసుకున్నాయి. కాని ఒక్కటంటే ఒక్కటి చీలలేదు. ఆ సంగతి ఉన్నదున్నట్లు వియన్నా అకాడమీకి రాసి, ముందు ముందు మామూలు కణం నుండి కూడ పిండం పెంచడం సాధ్యమవుతుందని జత చేశారు. కణం చీలడానికి అవసరమైన రసాయనాలు అప్పటికి ఎవరికీ తెలియవు. తరువాత ఆయనే 1913లో బంగాళాదుంప ముక్కల మీద పనిచేసి, మొక్కలో ఆహారం మోసే నాళాల నుండి వచ్చే పదార్థాలు కణాలను చీల్చుతాయని చూపారు.

1910లో బెర్లిన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి 1923లో ఉద్యోగ విరమణ చేశారు. అది ఎటువంటి సంవత్సరమో చరిత్ర చదివినవారికి తెలుసు. జర్మనీలో కరెన్సీ చిత్తుకాగితమై రొట్టె ధర కోట్ల మార్కులకు పెరిగిన ఏడు. మన కరవు భత్యం వాయిదా ఆరు నెలలు ఆలస్యమైతేనే సంఘ సమావేశాలు పెట్టుకుంటాం. ఆయన విరమణ జీవితం ఆ ఏడు మొదలైంది, ఇరవై రెండేళ్ళు నడిచింది.

ఆయన చూడనివి తరువాత వరుసగా జరిగాయి. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పువ్వు పుప్పొడి తిత్తుల నుండి పిండాలను పెంచి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. 1965లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో విమలా వాసిల్ అనే మన దేశపు వనిత, హిల్డెబ్రాంట్ అనే ఆచార్యునితో కలిసి ఒకే ఒక్క పొగాకు కణాన్ని విడదీసి పెంచి పూర్తి మొక్కగా నిలబెట్టారు. 1902లో వేసిన ప్రశ్నకు జవాబు అరవై మూడేళ్ళకు వచ్చింది. నేడు అనంతపురం, కడప జిల్లాలలో టిష్యూ కల్చర్ అరటి అని రైతులు తెచ్చి నాటే పిలకలు ఆ వంశవృక్షంలోవే.

గొట్లీబ్ కుమారుడు లూడ్విగ్ 1885లో గ్రాట్స్‌లో పుట్టారు. వైద్యం చదివి ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్ర ఆచార్యులయ్యారు. తండ్రి మొక్కలలో రసాయన సంకేతాలను వెదకుతున్న ఆ రోజులలోనే కొడుకు జంతువులలో వాటినే వెదికారు. గర్భం ధరించిన స్త్రీకి మళ్ళీ గర్భం రాదు. ఎందుకు? అండాశయం నుండి పుట్టే ఏదో పదార్థం కొత్త అండం విడుదల కాకుండా ఆపుతున్నది. ఆ పదార్థాన్ని బయటినుండి ఇస్తే? 1919లో ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. గర్భంతో ఉన్న కుందేలు అండాశయాన్ని మరొక ఆడకుందేలు చర్మం కింద అమర్చి చూశారు. ఆ కుందేలు కొన్నాళ్ళ పాటు గర్భం ధరించలేదు. 1921లో ఫలితాలు ప్రకటించారు. తరువాత చుంచెలుకలకు నోటి ద్వారా రసం తినిపించి కూడ పరీక్షించారు. బుడాపెస్టులోని గెడియన్ రిక్టర్ ఔషధ కంపెనీతో కలిసి ఇన్‌ఫెకుండిన్ అనే మందు తయారీ వరకు వచ్చారు. 1931లో చిన్న పుస్తకం రాశారు. బిడ్డ ఎప్పుడు కావాలో తల్లిదండ్రులు తామే నిర్ణయించుకోగలిగితే పేద ఇళ్ళకు మేలని ఆయన వాదన.

మతనిష్ఠ గట్టిగా ఉన్న టిరోల్ ప్రాంతం అది. దైవసృష్టికి అడ్డుపడుతున్నాడని కొందరు, ఇది శాస్త్రమే కాదని కొందరు దాడి చేశారు. 1932 జూలైలో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. వయస్సు నలభై ఏడు. తండ్రి గొట్లీబ్ అప్పటికి డెబ్బయి ఏడేళ్ళవారు. మన సంఘంలో కూడ కన్నకొడుకును సాగనంపిన పెద్దలున్నారు గనుక దీని మీద నేను రాసేది ఏమీ లేదు. ఆ మరుసటి ఏడు ఆ తండ్రి తన జ్ఞాపకాలు పుస్తకంగా ప్రచురించారన్నది మాత్రం గమనించాను.

లూడ్విగ్ పోయిన రెండేళ్ళకే, 1934లో, ఆయన వెదకిన పదార్థం ప్రొజెస్టిరోన్ శుద్ధరూపంలో దొరికింది. 1951లో వియన్నాలో పుట్టిన కార్ల్ జెరాసీ బృందం మెక్సికోలో నోటి ద్వారా పనిచేసే దాని ప్రతిరూపాన్ని తయారు చేసింది. 1960లో అమెరికాలో గర్భనిరోధక మాత్రకు అనుమతి వచ్చింది. 1966లో హంగరీలో అదే గెడియన్ రిక్టర్ కంపెనీ తన మాత్రకు ఇన్‌ఫెకుండిన్ అని, లూడ్విగ్ నాటి పాత పేరే పెట్టింది.

మన దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లోనే ప్రభుత్వపరంగా మొదలైంది. ఎర్ర త్రికోణం గోడల మీద చూసినవాళ్ళం, ఆపరేషను చేయించుకున్న ఉద్యోగుల ప్రత్యేక ఇంక్రిమెంట్లను సర్వీసు రిజిస్టరులో ఎక్కించినవాళ్ళం, మాలా-డి ప్రకటన టీవీలో వస్తే పిల్లల ముందు తల తిప్పుకున్నవాళ్ళం మనమే. మా అమ్మ తొమ్మిదిమందిని కని అయిదుగురిని దక్కించుకున్నది. చివరి కాన్పు తరువాత లేచి తిరగడానికి ఆమెకు ఏడాది పట్టింది. లూడ్విగ్ గారి పేరు ఆమె వినలేదు, వినే అవకాశమూ లేదు. ఆయన సమస్య ఆమెకు ఎవరూ వివరించనక్కరలేదు.

ఈ ఇంత పెద్ద విజ్ఞాన సర్వస్వ జాబితాలో ఆ ఇంటి ఆడవారి పేరు ఒక్కటీ నాకు ముందుకు రాలేదు. అయిదుగురు మగవారి పుట్టిన తేదీలు, ఉద్యోగాలు, బదిలీలు, గ్రంథాలు అన్నీ ఉన్నాయి. ఆల్టెన్‌బుర్గ్ నుండి గొరీజియాకు, గొరీజియా నుండి వియన్నాకు సామాను సర్దుకుని పిల్లలను తీసుకు తిరిగిన తల్లి సర్వీసు రిజిస్టరు ఎవరూ రాయలేదు. బదిలీల ఉద్యోగం చేసిన మన ఇళ్ళలోనూ అంతే గదా.

మిఖాయెల్ 1940లో వియన్నాలో చనిపోయారు. గొట్లీబ్ 1945 జనవరిలో, యుద్ధం బెర్లిన్ మీదికి వస్తుండగా, తొంభై ఏళ్ళ వయసులో కాలం చేశారు.

మన సభ్యుల కుటుంబాలలో మూడు తరాలు మూడు వేర్వేరు విద్యలలో రాణించిన ఇళ్ళు ఉంటాయి. అటువంటి ఇంటివారు వివరాలు పొందికగా రాసి సంపాదకులకు పంపవలసిందిగా కోరుతున్నాను. తల్లుల పేర్లు, అత్తగార్ల పేర్లు కూడ తప్పక రాయవలెను.